1,800 మందికి టోకెన్లు పంచాలంటే: ముందు ఫీజు ఎవరు కడతారో తేల్చుకోండి

క్రిప్టో టోకెన్లు పంచడం గురించి హన్మకొండ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఉత్తర తెలంగాణ యాసలో మాటలు, సామెతలు, పాటలు ఫోన్‌లో రికార్డు చేసి పంపిన దాదాపు 1,800 మందికి మా బృందం తరఫున టోకెన్లు ఇద్దామనుకుంటున్నాం. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ దాకా ఉన్నారు. చాలామందికి ఇదే మొదటి వాలెట్. ఒక్కొక్కరికి పంపుతూ పోతే ఫీజులే టోకెన్ల విలువను మించేట్టున్నాయి. బ్యాచ్‌లలో పంపాలా, మెర్కిల్ క్లెయిమ్ పెట్టాలా, లేక సోలానాకు పోవాలా?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ విషయంలో ఏదైనా ఒక లేయర్-2 చైన్ (ఈథీరియం మీద ఆధారపడి, తక్కువ ఫీజుతో నడిచే చైన్) మీద, 200 మందికి ఒక బ్యాచ్ చొప్పున తొమ్మిది బ్యాచ్‌లు చేసి, ఫీజు మీరే కట్టి, టోకెన్లు నేరుగా వాళ్ల వాలెట్లలో వేయండి. మెర్కిల్ క్లెయిమ్ (మనం పంపకుండా, జాబితాలో ఉన్నవాళ్లే వచ్చి తీసుకోవడం) మంచి పద్ధతే, కానీ మీ మనుషులకు సరిపోదు. ఎందుకు సరిపోదో కింద వివరంగా రాస్తున్నాను. ఈ పని నేను 2021 నుంచి చేస్తున్నాను, చేసిన తప్పులు కూడా రాస్తాను.

ముందు డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. ఈథీరియం మీద ఏ లావాదేవీ చేసినా 21,000 గ్యాస్ (చైన్ చేసే పనికి కొలత, దీన్ని బట్టే ఫీజు) ముందే పోతుంది, అది ప్రవేశ రుసుము లాంటిది. దాని మీద, ఇంతవరకు ఆ టోకెన్ అసలు లేని మనిషికి పంపితే, అతని పేరు మీద నిల్వను సున్నా నుంచి ఒక అంకెకు మార్చి రాయడానికి ఇంకో 22,100 గ్యాస్ పడుతుంది. పంపేవాళ్ల నిల్వ తగ్గించి రాయడం, ఈవెంట్ నమోదు, డేటా ఖర్చు కలుపుకుంటే కొత్త మనిషికి ఒక ఈఆర్‌సీ-20 (ఈథీరియం మీద మామూలు టోకెన్ల ప్రమాణం) టోకెన్ పంపడం సుమారు 52,000 గ్యాస్.

మేడారం జాతరకు హన్మకొండ నుంచి ఒక్కో మనిషికి ఒక్కో ఆటో మాట్లాడినట్టు ఉంటుంది విడివిడిగా పంపడం. బ్యాచ్ అంటే అందరినీ బస్సు ఎక్కించడం. ఆటో కిరాయి లాంటి ఆ 21,000 అందరి మధ్య పంచుకుంటారు. కానీ బస్సులో కూడా ఎవరి టికెట్ వాళ్లదే కదా. కొత్త నిల్వ రాసే 22,100 మాత్రం ఏ బ్యాచ్‌లో పెట్టినా తగ్గదు. అందుకే బ్యాచ్‌లో మనిషికి 27,000 నుంచి 30,000 మధ్య తేలుతుంది. అంటే ఖర్చు సగానికి దగ్గరగా తగ్గుతుంది, అంతే. "పది రెట్లు ఆదా" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అదే టోకెన్ ఇప్పటికే ఉన్న వాళ్లకు రెండోసారి పంపేటప్పుడు మాత్రం ఆదా చాలా ఎక్కువ, ఎందుకంటే ఉన్న అంకెను మార్చడానికి 5,000 గ్యాస్ చాలు.

మీ లెక్క వేసి చూపిస్తాను. 1,800 మందికి విడివిడిగా అయితే 9 కోట్ల 36 లక్షల గ్యాస్. గ్యాస్ ధర 5 గ్వెయ్ (ఈథర్‌లో వంద కోట్లవ వంతు ఒక గ్వెయ్) అనుకుంటే 0.468 ఈథర్, అంటే ఈథీరియం సొంత నాణెంలో. బ్యాచ్‌లలో, మనిషికి 28,000 చొప్పున, 5 కోట్ల 4 లక్షల గ్యాస్, అంటే 0.252 ఈథర్. ఆ రోజు ఈథర్ ధరతో గుణించి చూడండి. యాస కాపాడుకోవడానికి చిన్న మొత్తాలతో నడిచే బృందానికి అది ఇంకా ఎక్కువే. అందుకే బ్యాచ్ చేయడం కంటే ముందు చైన్ మార్చడం పెద్ద ఆదా. 2024 మార్చి 13న డెన్‌కన్ అప్‌గ్రేడ్ వచ్చాక, లేయర్-2 చైన్‌లు తమ డేటాను ఈథీరియం మీద బ్లాబ్‌లు అనే విడి డేటా మూటల రూపంలో చవకగా పెట్టుకోగలుగుతున్నాయి. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ లాంటి వాటి మీద ఫీజులు అప్పటి నుంచి బాగా దిగాయి. గ్యాస్ లెక్క దాదాపు అదే, ధర మాత్రం ఎన్నో రెట్లు తక్కువ.

ఇక మెర్కిల్ సంగతి. ఇందులో మీరు టోకెన్లు ఎవరికీ పంపరు. 1,800 మంది జాబితాను జతలు జతలుగా హ్యాష్ చేసుకుంటూ (అంటే డేటాను వేలిముద్ర లాంటి చిన్న కోడ్‌గా మార్చుకుంటూ) పోయి, చివరికి మిగిలిన 32 బైట్ల హ్యాష్ ఒక్కటే కాంట్రాక్ట్‌లో (చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌లో) పెడతారు. మనిషి తనంతట తాను వచ్చి, "జాబితాలో నేనున్నాను, ఇదిగో రుజువు" అని చూపించి తన వాటా తీసుకుంటాడు. 1,800 మందికి ఆ రుజువు 11 హ్యాష్‌లు మాత్రమే. రెండున్నర లక్షల మంది అయినా 18 హ్యాష్‌లే. జాబితా ఎంత పెరిగినా మీ ఖర్చు పెరగదు. 2020 సెప్టెంబర్‌లో టోకెన్లు మార్చుకునే వేదిక యూనిస్వాప్ తన పాత వాడుకదారులకు తలా 400 యూఎన్‌ఐ టోకెన్లు ఇచ్చింది ఈ పద్ధతిలోనే.

బతుకమ్మ చీరలు పంచినప్పుడు రేషన్ షాపు దగ్గరికి వచ్చి కార్డు చూపించి తీసుకున్నారు కదా, అలాంటిదే. తేడా ఒక్కటే: ఇక్కడ షాపు దాకా రావడానికి అయ్యే ఖర్చు తీసుకునే మనిషిదే. మెర్కిల్ ఖర్చును తగ్గించదు, మీ జేబు నుంచి తీసి వాళ్ల జేబులో పెడుతుంది. అందరూ వచ్చి తీసుకుంటే మొత్తం గ్యాస్ బ్యాచ్ కంటే ఎక్కువే అవుతుంది, ఎందుకంటే ప్రతి మనిషీ మళ్లీ ఆ 21,000 కడతాడు, దాని మీద రుజువు సరిచూసే ఖర్చు, "తీసుకున్నాడు" అని గుర్తు రాసే ఖర్చు. చాలామంది రాకపోతేనే మొత్తం మీద ఆదా.

మీ దగ్గర అదే అసలు సమస్య. కొత్త వాలెట్‌లో గ్యాస్ కట్టడానికి ఈథర్ ఎక్కడిది? జగిత్యాల దగ్గర పల్లెలో పాట పాడి పంపిన ఒక పెద్దమ్మ, టోకెన్ తీసుకోవడానికి ముందు ఎక్స్ఛేంజ్‌లో ఖాతా తెరిచి, కేవైసీ చేసి, ఈథర్ కొని, దాన్ని సరైన చైన్‌కు పంపుకోవాలా? ఆమె చేయదు. చేయాల్సిన అవసరం కూడా లేదు. నేను ఒకసారి కరీంనగర్ వైపు ఒక చదువుల బృందానికి ఇలాగే క్లెయిమ్ పేజీ కట్టిచ్చాను. కోడ్ విషయంలో ఒక్క లోపం లేదు. గడువు అయ్యేసరికి సగం మంది కూడా తీసుకోలేదు. తీసుకోని వాళ్లతో ఫోన్‌లో మాట్లాడితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "బటన్ నొక్కితే డబ్బులు చాలవంటోంది సార్." ఆ తర్వాత మిగిలిన వాళ్లందరికీ నేనే బ్యాచ్‌లో పంపాను. ఆ పని మొదటి రోజే చేసుంటే రెండు నెలలు మిగిలేవి.

ఇంకో కారణం ఉంది, నాకు ఇదే ముఖ్యం. మొదటిసారి వాలెట్ పెట్టుకున్న మనిషికి "ఈ లింక్ నొక్కి, వాలెట్ కలిపి, సంతకం చేసి టోకెన్ తీసుకో" అని మనం నేర్పితే, రేపు దొంగ లింక్ పంపినవాడు కూడా అచ్చం అదే అడుగుతాడు. మనం నేర్పిన అలవాటుతోనే వాళ్ల వాలెట్ ఖాళీ అవుతుంది. నేరుగా పంపితే "మా బృందం మిమ్మల్ని ఏ లింకూ నొక్కమనదు, ఏ సంతకమూ అడగదు" అని వాట్సాప్ గ్రూపులో ధైర్యంగా చెప్పొచ్చు. ఆ ఒక్క మాట చెప్పగలగడం కోసమైనా బ్యాచ్ ఫీజు కట్టొచ్చు.

మెర్కిల్ ఎప్పుడు మంచిదంటే: జాబితా లక్షల్లో ఉన్నప్పుడు, అందులో చాలా అడ్రస్‌లు వాడకంలో లేకుండా పడి ఉన్నప్పుడు, తీసుకునేవాళ్లకు గ్యాస్ కట్టడం అలవాటైనప్పుడు. అలాంటి రోజు వస్తే పూర్తి జాబితా ఫైల్‌ను అందరికీ దొరికేలా పెట్టండి, లేకపోతే రుజువు తయారు చేసుకోవడానికి వాళ్లకు మీ సర్వర్ ఒక్కటే దిక్కు. మిగిలిన టోకెన్లు వెనక్కి తీసుకునే గడువు కాంట్రాక్ట్‌లోనే రాయండి. మెర్కిల్ చెట్టు (ఆ జతల హ్యాష్‌ల అమరిక) కట్టే కోడ్ సొంతంగా రాయకండి, అందరూ వాడే ఓపెన్‌జెప్పెలిన్ కోడ్ లైబ్రరీ వాడండి.

ఈథీరియంతో సంబంధం లేని వేరే చైన్ సోలానా గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. సంతకం ఫీజు 5,000 ల్యాంపోర్ట్‌లు, అంటే 0.000005 సోల్ (సోలానా నాణెం). అది చూసి ఉచితమే అనుకుంటారు. కానీ ప్రతి కొత్త మనిషికీ ఆ టోకెన్ కోసం ఒక ఖాతా తెరవాలి, దానికి 0.00203928 సోల్ డిపాజిట్ కట్టాలి. 1,800 మందికి అది 3.67 సోల్. పైగా ఒక లావాదేవీ 1,232 బైట్లు దాటకూడదు కాబట్టి ఒక్కో దాంట్లో కొద్దిమందే పడతారు. మీ టోకెన్ ఇప్పటికే అక్కడ ఉంటే సరే. లేకపోతే దీనికోసం అక్కడికి పోవద్దు.

ఇప్పుడు బ్యాచ్ ఎలా పంపాలో. డిస్పర్స్ లాంటి, అందరూ వాడే కాంట్రాక్ట్‌లు ఇప్పటికే ఉన్నాయి: అడ్రస్‌ల వరుస, మొత్తాల వరుస ఇస్తే పంచిపెడతాయి. మీ చైన్ మీద ఆ కాంట్రాక్ట్ అడ్రస్ అసలుదేనా అని ఎక్స్‌ప్లోరర్‌లో (చైన్ మీది వివరాలు చూపే వెబ్‌సైట్‌లో) కోడ్ చూసి నిర్ధారించుకున్నాకే వాడండి. మీ టోకెన్లు కదిలించడానికి ఆ కాంట్రాక్ట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు "అపరిమితం" అని ఇవ్వకండి. సరిగ్గా పంచబోయే మొత్తానికే అనుమతి ఇవ్వండి, పని అయ్యాక సున్నా చేయండి.

సోలిడిటీ (కాంట్రాక్ట్‌లు రాసే భాష) తెలిసినవాళ్లు మీ బృందంలో ఉంటే చిన్న కాంట్రాక్ట్ మీరే రాసుకోవడం మేలు అంటాను, రెండు కారణాల వల్ల. మొదటిది డేటా. అందరికీ ఒకే మొత్తం ఇస్తున్నట్టయితే ఆ మొత్తాన్ని 1,800 సార్లు పంపడం ఎందుకు? మొత్తం ఒక్కసారి, అడ్రస్‌లు వరుసగా పంపితే డేటా దాదాపు సగమవుతుంది. లేయర్-2 మీద ఫీజులో డేటా వాటా ఉంటుంది కాబట్టి ఇది పనికొచ్చే ఆదా. రెండోది ఇంకా పెద్దది: ప్రతి బ్యాచ్‌కు ఒక నంబర్ పెట్టి, అదే నంబర్ రెండోసారి వస్తే కాంట్రాక్టే ఒప్పుకోకుండా చేయొచ్చు.

ఆ రెండోది నేను నష్టపోయి నేర్చుకున్నాను. 2021లో, నక్కలగుట్టలో అద్దె గదిలో ఉన్నప్పుడు, మొదటిసారి 340 మందికి స్క్రిప్ట్‌తో ఒక్కొక్కరికీ పంపాను. మధ్యలో గ్యాస్ ధర పెరిగింది. 112వ లావాదేవీ తక్కువ ఫీజుతో ఇరుక్కుపోయింది. ఒకే వాలెట్ నుంచి వెళ్లే లావాదేవీలు వరుస నంబర్ ప్రకారమే కదులుతాయి కాబట్టి దాని వెనకవన్నీ ఆగిపోయాయి. అవి పోయాయనుకొని స్క్రిప్ట్‌ను 112 నుంచి మళ్లీ నడిపాను. తెల్లారేసరికి ధర తగ్గి పాతవీ వెళ్లాయి, కొత్తవీ వెళ్లాయి. నలభై మందికి రెండుసార్లు అందాయి. వాళ్లలో చాలామంది అడగగానే వెనక్కి పంపారు, మిగతాది నా జీతంలోంచి పెట్టుకున్నాను. అప్పటి నుంచి, లావాదేవీ హ్యాష్, బ్యాచ్ నంబర్ ఫైల్‌లో రాయకుండా తర్వాతి బ్యాచ్ కదిలించను.

బ్యాచ్ సైజు 200 అని ఎందుకు అన్నానంటే: 2025 డిసెంబర్‌లో ఫుసాకా అప్‌గ్రేడ్‌తో ఈథీరియంలో ఒక లావాదేవీకి గరిష్ఠంగా 1,67,77,216 గ్యాస్ అనే పరిమితి వచ్చింది. లెక్క ప్రకారం 500 మంది పైనే పడతారు. కానీ బ్యాచ్ పెద్దదైతే ఒక్క అడ్రస్ దగ్గర తేడా వచ్చినా అందరిదీ వెనక్కి పోతుంది, గ్యాస్ మాత్రం పోతుంది. ఉదాహరణకు యూఎస్‌డీసీ (డాలర్ విలువకు కట్టిన టోకెన్) లాంటి దానిలో బ్లాక్‌లిస్ట్ (నిషేధించిన అడ్రస్‌ల జాబితా) ఉంటుంది, అందులోని అడ్రస్ ఒక్కటి తగిలినా బ్యాచ్ మొత్తం ఆగుతుంది. 200 అయితే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం కూడా తేలిక.

కోడ్ ఇంతే. అసలు పని జాబితాలో ఉంది. నా అనుభవంలో పది గంటల పనిలో ఎనిమిది గంటలు జాబితాకే పోతాయి, తప్పులన్నీ అక్కడే పుడతాయి.

అడ్రస్‌లు ఫారమ్‌లో తీసుకుంటారు కదా. మొట్టమొదట, ఎవరైనా అడ్రస్‌కు బదులు 12 పదాల రహస్య వాక్యం (వాలెట్‌ను పూర్తిగా తెరిచే తాళంచెవి) పెట్టారేమో చూడండి. నేను చూసిన ప్రతి కొత్త జాబితాలో ఇద్దరు ముగ్గురైనా పెట్టారు. "వాలెట్ వివరాలు" అని అడిగితే వాళ్లకు ఏది ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? ఆ పదాలు చూసిన క్షణం నుంచి ఆ వాలెట్ పోయినట్టే లెక్క. ఆ వరుస తీసేసి, వాళ్లకు ఫోన్ చేసి, కొత్త వాలెట్ పెట్టించి, ఆ పదాలు మీకు కూడా చెప్పకూడదని నెమ్మదిగా వివరించండి. మెసేజ్ పెట్టి వదిలేయకండి.

తర్వాత ఒకే అడ్రస్ రెండు మూడు సార్లు కనిపిస్తుంది. మోసం అనుకుని స్క్రిప్ట్‌తో తీసేయకండి. మన ఊళ్లలో ఇంటికి ఒక ఫోన్, ఒక వాలెట్. అమ్మ పాడింది, కొడుకు రికార్డు చేశాడు, కోడలు సామెతలు చెప్పింది, ముగ్గురూ ఒకే అడ్రస్ ఇచ్చారు. ముగ్గురి వాటా కలిపి ఆ అడ్రస్‌కు పంపాలి. అడ్రస్ ఆధారంగా పట్టిక కట్టే కోడ్ చాలావరకు చివరి వరుసనే ఉంచి మిగతావి చెరిపేస్తుంది. ఎవరికీ ఎర్రర్ రాదు. ఇద్దరి కష్టం కనపడకుండా పోతుంది.

అడ్రస్‌లో పెద్ద, చిన్న అక్షరాలు కలిసి ఉండటం అందం కోసం కాదు. ఈఐపీ-55 అనే ఈథీరియం ప్రమాణం ప్రకారం అది సరిచూసుకునే గుర్తు. ఆ గుర్తు ఉంటే, తప్పుగా టైప్ చేసిన అడ్రస్ పట్టుబడకుండా జారిపోయే అవకాశం 0.0247 శాతమే. మొత్తం చిన్న అక్షరాల్లోకి మార్చేస్తే ఆ రక్షణ పోతుంది. కాబట్టి ఫారమ్‌లో వచ్చినది వచ్చినట్టే ఉంచి తనిఖీ చేయండి.

మొత్తాల విషయంలో ఎక్సెల్‌ను నమ్మకండి. చాలా టోకెన్లకు 18 దశాంశ స్థానాలుంటాయి, యూఎస్‌డీసీ, యూఎస్‌డీటీ లాంటి వాటికి 6. ఎక్సెల్ 15 అంకెల దాకానే కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. రికార్డింగ్ నిమిషాలను బట్టి వాటాలు వేస్తే 41.6666666 లాంటివి వస్తాయి. వాటిని 18 స్థానాలకు మార్చి సీఎస్‌వీగా దాస్తే 4.16667ఈ+19 అని ముక్కై కూర్చుంటుంది. నాకు ఒకసారి ఇలాగే చిన్న చిన్న పెరుగుదలలన్నీ కలిసి మొత్తం అనుమతిని దాటాయి, చివరి బ్యాచ్ ఆగిపోయింది. ఎక్సెల్‌లో మామూలు అంకెలే, రెండు దశాంశాలకు సరిచేసి ఉంచండి. 18 స్థానాలకు మార్చడం స్క్రిప్ట్‌లో చేయండి. పంపే ముందు జాబితా మొత్తం, మీరు ఇచ్చిన అనుమతి సరిగ్గా సమానమా అని స్క్రిప్టే సరిచూడాలి.

ఇక చైన్. కొందరు ఎక్స్ఛేంజ్ యాప్‌లో కనిపించే డిపాజిట్ అడ్రస్ ఇస్తారు. మీ టోకెన్‌ను ఆ ఎక్స్ఛేంజ్ గుర్తించకపోతే అది వాళ్ల ఖాతాలో ఎప్పటికీ కనపడదు. ఫారమ్‌లోనే "ఇది మీ సొంత వాలెట్ అడ్రసా, ఎక్స్ఛేంజ్ అడ్రసా?" అని తెలుగులో అడగండి. మల్టీసిగ్ (ఒకరికంటే ఎక్కువమంది సంతకం కావాల్సినవి), స్మార్ట్ వాలెట్లు (కాంట్రాక్ట్‌గా ఉండేవి) ఇంకో చిక్కు: ఒక చైన్ మీద ఉన్న కాంట్రాక్ట్ వాలెట్ ఇంకో చైన్ మీద ఉండాలని లేదు. 2022లో వింటర్‌మ్యూట్ అనే సంస్థకు పంపిన 2 కోట్ల ఓపీ (ఆప్టిమిజం చైన్ సొంత) టోకెన్లు ఇలాగే చిక్కుకున్నాయి. వాళ్లు ఇచ్చిన మల్టీసిగ్ అడ్రస్ ఈథీరియం మీద ఉంది, ఆప్టిమిజం మీద ఇంకా పెట్టలేదు, వాళ్లకంటే ముందు వేరొకరు అక్కడ దాన్ని చేజిక్కించుకున్నారు. మీ జాబితాలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్లవే. వాళ్లకు విడిగా రాసి అడగండి.

పన్ను సంగతి ముందే చెప్పండి, తర్వాత ఎవరూ బాధపడకుండా. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇలాంటి టోకెన్లు అమ్మితే వచ్చే లాభం మీద 30 శాతం పన్ను, ఆ ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో దాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. వాళ్లు చేసిన పనికి బదులుగా మీరు ఇస్తున్నారు కాబట్టి, దీన్ని బహుమతి అని రాయాలా, ప్రతిఫలం అని రాయాలా అన్నది పంచే ముందే సీఏతో కూర్చుని తేల్చుకోండి. మీ పత్రాలన్నిటిలో ఒకే మాట ఉండాలి.

చివరగా పంపే రోజు. ముందు టెస్ట్‌నెట్ (అసలు డబ్బు లేని పరీక్ష చైన్) మీద పూర్తి జాబితాతో నడపండి. తర్వాత అసలు చైన్ మీద పది మందికి మాత్రం పంపండి. ఆ పది మందిలో మీ బృందం వాళ్లు ఎవరూ ఉండొద్దు, నిర్మల్ నుంచి ఇద్దరు, జగిత్యాల నుంచి ఇద్దరు ఇలా, వీలైతే పెద్దవాళ్లను ఎంచుకోండి. వాళ్లకు ఫోన్ చేసి, "మీ ఫోన్‌లో టోకెన్ కనిపిస్తోందా?" అని అడగండి. చాలా వాలెట్లలో కొత్త టోకెన్ దానంతటది కనిపించదు, టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్ ఇచ్చి జోడించుకోవాలి. అది ఎలా చేయాలో చిన్న వీడియో తీసి మన యాసలోనే చెప్పండి, మీ దగ్గర అంత చక్కగా మాట్లాడేవాళ్లు 1,800 మంది ఉన్నారు కదా. ఆ పది మందికీ కనిపించాకే రెండో బ్యాచ్ కదిలించండి. జాబితా సిద్ధమయ్యాక అడ్రస్‌లు తీసేసి వరుసల తీరు మాత్రం ఇక్కడ పెడితే, తనిఖీ స్క్రిప్ట్ నేను రాసిస్తాను.